రెక్కతో గిటార్ వాయించే కీచురాయి: ఒక వింత రాక్ పాటను మొదటి నుంచి చివరి దాకా కట్టడం ఎలా

జంతువు సంగీతకారుడైతే ఎలా ఉంటుంది? ఈ ఊహ రాని పాటల రచయిత ఉండడేమో. కప్ప పాడుతుంది, ఏనుగు డ్రమ్స్ కొడుతుంది, పిల్లి పియానో మీద నడుస్తుంది. మొదటి ముప్పై సెకన్లు అందరూ నవ్వుతారు. ఆ తర్వాత పాటలో ఏమీ మిగలదు. నేనూ అలాంటివి రెండు మూడు రాసి పక్కన పడేశాను. తప్పు ఎక్కడ జరుగుతోందో చాలా ఆలస్యంగా అర్థమైంది. మనిషి సంగీతకారుడికి తోకా మీసాలూ తగిలించి జంతువు అనుకుంటున్నాను. నిజానికి ఆ జంతువు ఒళ్ళు ఎలా పనిచేస్తుందో అదే పాట రూల్స్ నిర్ణయించాలి. తాళం, శ్రుతి, వేగం, మౌనం అన్నీ అక్కడి నుంచే రావాలి.

ఈ మార్గదర్శిలో ఒక్క పాటనే ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరి దాకా కడదాం. హీరో కీచురాయి. జానర్ ఆల్టర్నేటివ్ రాక్. మీకు గిటార్‌లో పవర్ కార్డ్‌లు పట్టడం, కంప్యూటర్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరవడం వస్తే చాలు.

మొదటి మెట్టు: జంతువును ఎంచుకోవడం

ముందు గాడిదను పక్కన పెట్టండి. గాడిద గానం మీద కథలూ సామెతలూ మనకు తరాలుగా ఉన్నాయి. మీరు కొత్తగా చెప్పడానికి అక్కడ చోటు తక్కువ. కోకిలకూ అదే గతి. సప్తస్వరాలను జంతువులకు పంచిన పాత శ్లోకం ఒకటుంది: నెమలిది షడ్జమం, మేకది గాంధారం, కోకిలది పంచమం, ఏనుగుది నిషాదం, ఇలా సాగుతుంది. ఆ జాబితాలో ఉన్నవాటికి గౌరవం ఎక్కువ, వింత తక్కువ. మనకు కావలసింది ఆ జాబితాకు ఎక్కనివి.

ఎంపికకు నేను వాడే ప్రశ్న ఒకటే: ఈ జంతువుకు సంగీతం విషయంలో ఉన్న ఇబ్బంది ఏమిటి? గబ్బిలాన్ని చూడండి. మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది. గబ్బిలం అరుపులు ఎక్కువగా అంతకు పైనే ఉంటాయి. అంటే అది ప్రాణం పెట్టి పాడిన పై స్థాయి మన హాల్లో ఎవరికీ వినపడదు. అదే ఒక పాట. ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులు, మూడు గుండెలు. పైగా దాని నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. డ్రమ్మర్‌గా పెడితే చేతులు మెదడు మాట వింటాయో లేదో చెప్పలేం. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉండే పామ్ కాకటూ అనే నల్లటి కాకాతువ్వ కొమ్మ విరిచి, కర్రలా చెక్కుకుని, బోలు చెట్టు మీద లయగా కొడుతుంది. అది నిజంగానే డ్రమ్మర్, కాబట్టి పాటకు అంత బాగా పనికిరాదు. ఇబ్బంది లేనిచోట కథ నడవదు. థాయిలాండ్‌లోని లాంపాంగ్‌లో 2000లో మొదలైన ఏనుగుల ఆర్కెస్ట్రా కూడా అంతే. అవి నిజంగా వాయిద్యాలు వాయించాయి, రికార్డులు కూడా వచ్చాయి. నిజం అంత దూరం వెళ్ళాక మన ఊహ ఇంకొంచెం ఇరుకు దారి వెతుక్కోవాలి.

కీచురాయిని ఎందుకు ఎంచుకున్నానో కింది విషయాలు చూస్తే తెలుస్తుంది.

రెండో మెట్టు: ఒంటి నుంచి రూల్స్ రాబట్టడం

ఒక కాగితం తీసుకుని ఎడమ వైపు జంతువు గురించిన నిజాలు, కుడి వైపు వాటి వల్ల పాటకు వచ్చే రూలు రాయండి. ఈ పనికి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వండి. పాటలో సగం ఇక్కడే తయారవుతుంది.

కీచురాయి నోటితో పాడదు. ముందు రెక్కల్లో ఒకదాని అడుగున ఆకురాయిలాంటి పళ్ళ వరస ఉంటుంది, రెండో రెక్కకు గట్టి అంచు ఉంటుంది. ఆ అంచుతో పళ్ళను గీరితే శబ్దం పుడుతుంది. రెక్కలో ఆ శబ్దాన్ని పెద్దది చేసే పలచటి పొరను శాస్త్రవేత్తలు హార్ప్ అనే పిలుస్తారు. అంటే ఇది పుట్టుకతోనే తీగవాయిద్యం మోసుకు తిరిగే జీవి. ఇక గిటార్ మీద మందపాటి తీగలను చూడండి. వాటి చుట్టూ సన్నటి లోహపు చుట్లు ఉంటాయి. పిక్ అంచును తీగ పొడవునా గీకితే వచ్చే ‘జ్‌ర్‌ర్‌ర్’ శబ్దం కూడా పళ్ళ వరస మీద అంచు గీరితే పుట్టేదే. పద్ధతి ఒకటే! కాబట్టి మొదటి రూలు: మన కీచురాయి గొంతు పిక్ స్క్రేప్.

పొలాల్లో కనిపించే కీచురాళ్ళ రెక్కలు మూసుకునేటప్పుడే శబ్దం వస్తుంది, తెరుచుకునేటప్పుడు రాదు. రెండో రూలు: కుడి చెయ్యి పై నుంచి కిందికే కొడుతుంది. పాట మొత్తంలో ఒక్క అప్‌స్ట్రోక్ కూడా ఉండదు. వేగంగా వాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది. కానీ అన్నీ డౌన్‌స్ట్రోక్‌లే అయినప్పుడు గిటార్‌కు వచ్చే ఆ మొండితనం వేరు. ఒక్కో కూతలో సాధారణంగా 3 నుంచి 5 చిన్న చిన్న స్పందనలు ఉంటాయి. మనం నాలుగు పెట్టుకుందాం: బీటులో నాలుగో వంతు చొప్పున నాలుగు గబగబా దెబ్బలు, ఆపై ఒక బీటు ఖాళీ. రిఫ్‌కు, అంటే పాటలో పదే పదే వచ్చే గిటార్ వరసకు, లయ వచ్చేసింది.

పాడేది మగదే. దూరాన ఉన్న ఆడదాన్ని పిలవడానికి గట్టి పాట, దగ్గరికి వచ్చాక మెల్లటి పాట, ఇంకో మగది ఎదురైతే బెదిరించే పాట. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. ఆల్టర్నేటివ్ రాక్‌కు 1980ల చివర్లో బలపడి, 1990ల్లో రేడియోలన్నీ నింపేసిన సూత్రం ఏమిటి? చరణం మెల్లగా, పల్లవి గట్టిగా. కీచురాయికి అది ఎప్పుడో తెలుసు. మూడో రూలు: పల్లవి పిలుపు, చరణం గుసగుస.

చెవులు ముందు కాళ్ళ మీద, మోకాలికి కాస్త కింద ఉంటాయి. ఇది తాళానికి కాదు, మాటలకు పనికొస్తుంది. దగ్గర్లో అడుగు పడితే పాట ఠక్కున ఆగిపోతుంది. రాత్రి తోటలో నడిచిన ప్రతివాళ్ళూ గమనించిన విషయమే. నాలుగో రూలు: పాట మధ్యలో నిజమైన మౌనం ఉండాలి.

ఇక వేగం. 1897లో అమోస్ డాల్‌బేర్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త కీచురాయి కూతల లెక్కతో ఉష్ణోగ్రత కనుక్కునే సూత్రం రాశాడు. నిమిషానికి ఎన్ని కూతలో లెక్కపెట్టి, అందులోంచి 40 తీసేసి, నాలుగుతో భాగించి, 50 కలిపితే ఫారన్‌హీట్ డిగ్రీలు వస్తాయి. చెట్ల మీద ఉండే ఒక రకం కీచురాయికి ఇది బాగా సరిపోతుంది, అన్నిటికీ సరిపోదు. మన పాటకు మాత్రం బంగారం. రిఫ్‌లో కూత రెండు బీట్లకోసారే వచ్చినా, లెక్కకు బీటుకు ఒక కూత అనుకుంటే నిమిషానికి 152 బీట్ల పాట 78 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 25.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడుస్తున్నట్టు. 112 బీట్లకు దిగితే సరిగ్గా 20 డిగ్రీల సెల్సియస్. రాత్రి చల్లబడుతుంది కాబట్టి పాట నెమ్మదించాలి. రాక్ పాటలు చివరికొచ్చేసరికి పరిగెత్తుతాయి. ఇది పరుగు మొదలుపెట్టి నడకలోకి వస్తుంది. ఎందుకో వినేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మూడో మెట్టు: కథ

రూల్స్ ఎన్ని ఉన్నా కథ లేకపోతే పాట సైన్సు పాఠం అయిపోతుంది. ఇక్కడ కూడా కీచురాయి మనల్ని వెతుక్కోనివ్వదు. ఆర్మియా ఒక్రేసియా అనే ఒక ఈగ ఉంది. అది మగ కీచురాయి పాట విని, అది ఎక్కడుందో పసిగట్టి, వచ్చి దాని మీద తన పిల్లపురుగులను వదులుతుంది. అవి లోపలికి తొలుచుకుపోయి తింటాయి. దాదాపు వారంలో బయటికి వస్తాయి, కీచురాయి చచ్చిపోతుంది. అంటే ఈ గాయకుడి పాటను అందరికన్నా శ్రద్ధగా వినే శ్రోతే అతన్ని చంపేది.

హవాయిలోని కవాయి దీవిలో ఇంకా విచిత్రం జరిగింది. అక్కడ ఈ ఈగ బెడద ఎక్కువ. 20 తరాలు కూడా తిరక్కుండానే అక్కడి మగ కీచురాళ్ళలో ఎక్కువ భాగం శబ్దం రాని నున్నటి రెక్కలతో పుట్టడం మొదలైంది. జీవశాస్త్రవేత్త మార్లీన్ జుక్ బృందం ఈ సంగతిని 2006లో ప్రచురించింది. ఆ మూగ కీచురాళ్ళు ఇంకా పాడే మగవాటి చుట్టుపక్కల చేరి, ఆ పాట విని వచ్చే ఆడవాటిని దారిలోనే కలుసుకుంటాయి. నాకు అన్నిటికన్నా గుండె పట్టేసిన విషయం వేరే ఉంది: శబ్దం రాకపోయినా అవి రెక్కలు ఆడించడం మానలేదు. మాట్లాడని గిటార్ మీద చెయ్యి ఆడుతూనే ఉంది.

కథ దొరికింది కదా. మొదటి చరణంలో కీచురాయికి అడుగు వినపడుతుంది. ప్రియురాలు అనుకుంటాడు, కాదు, మనిషి. రెండో చరణంలో ఇంకెవరో వింటున్నారు. ఎవరో మెచ్చుకునేవాళ్ళు అనుకుంటాడు, కాదు, ఈగ. మూడో భాగంలో పాడని తమ్ముడు వస్తాడు. ఒక్క జాగ్రత్త: పాటలో ఎక్కడా ‘నేను కీచురాయిని’ అనకండి. ఆ మాట వచ్చిన క్షణం అది పిల్లల పాట అయిపోతుంది. పాడేవాడు తనను వింతగా అనుకోడు, తన బతుకు తనకు మామూలే. కన్నుకొట్టి నవ్వించే పని వద్దు. వింతంతా వినేవాళ్ళ వైపే ఉండనివ్వండి.

నాలుగో మెట్టు: తెలుగు మాటలను రాక్‌కు ఒప్పించడం

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రాక్ దెబ్బలు పొట్టిగా, గట్టిగా తెగిపోవాలని కోరుకుంటాయి. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, తెగవు, సాగుతాయి. అందుకే తెలుగు రాక్ అనగానే ప్రతి లైను చివరా ‘ఓఓఓ’ అని సాగదీసే అలవాటు వచ్చింది. దీనికి మందు భాషలోనే ఉంది, ద్విత్తాక్షరాలు. కప్ప, రెక్క, గడ్డి, చప్పుడు. మాట మధ్యలోనే తలుపు మూసుకుంటుంది. స్నేర్ డ్రమ్ దెబ్బ సరిగ్గా ఆ ద్విత్తం మీద పడేలా చూసుకుంటే మాటే డ్రమ్ అవుతుంది.

మనకు ఇంకో ఆస్తి ఉంది, మాత్రల లెక్క. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘం, సున్నా ఉన్నది, ద్విత్తానికో సంయుక్తానికో ముందున్నది రెండు మాత్రలు. ఒక మాత్రను అరబీటు అనుకుందాం. నాలుగు బీట్ల వరసకు ఎనిమిది మాత్రలు. పల్లవి ఇలా రాశాను:

చెవులు కాళ్ళలో, పాట రెక్కలో
నోరు విప్పనూ, ఊరు నిద్రలో

లెక్కపెట్టండి. చెవులు మూడు, కాళ్ళ మూడు, లో రెండు. పాట మూడు, రెక్క మూడు, లో రెండు. నోరు, విప్ప, నూ. ఊరు, నిద్ర, లో. ప్రతి ముక్కా 3, 3, 2గా విరుగుతుంది. రాక్ గిటార్ వాళ్ళకు ఇది ఒంటికి తెలిసిన లయ: ఎనిమిదింటిలో ఒకటో, నాలుగో, ఏడో చోట దెబ్బ. రెండో పాదంలో నోరు, ఊరు రెండింటికీ రెండో అక్షరం ‘రు’. పద్యాల్లోని ప్రాసయతి అది. రాక్ పాటలో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా గమనించరు కానీ నాలుక గుర్తుపడుతుంది. అంత్యప్రాస ఒక్కటే పట్టుకుని కూర్చుంటే పాట ప్రకటనల జింగిల్‌లా తయారవుతుంది.

చరణం గుసగుస కాబట్టి నడక మారాలి. ఐదేసి మాత్రల ఖండగతి తీసుకున్నాను.

నీ అడుగు తెలిసింది మోకాలి కింద
గడ్డిలో గాలేమొ? కాదు, ఈ చప్పు–

‘నీ అడుగు’ ఐదు, ‘తెలిసింది’ ఐదు, ‘మోకాలి’ ఐదు, ‘కింద’ మూడు, రెండు మాత్రలు ఊపిరి. రెండో పాదంలో చప్పుడు అనే మాట చప్పు దగ్గరే ఆగిపోయింది, చూశారా? అదే అడుగు పడిన క్షణం. బ్యాండ్ అంతా ఆగుతుంది. ఆ ఐదులో మిగిలిన రెండు మాత్రలు, ఇంకో ఐదు, మొత్తం ఏడు మాత్రలు మౌనం. తర్వాత మిగిలిపోయిన ‘డు’ అన్న అక్షరం మీద డిస్టార్షన్, డ్రమ్స్, బేస్ అన్నీ ఒక్కసారి పడి పల్లవిలోకి వెళ్ళిపోతాయి. ఈ ఒక్క ‘డు’ కోసమే నేను ఈ పాట రాశాననిపిస్తుంది.

రెండో చరణం మొదటి పాదం కూడా అదే కొలత:

నా పాట ప్రాణంగ వింటోంది ఈగ

‘ప్రాణంగ’ అన్న మాటకు రెండు అర్థాలూ పట్టాయి. అతను ప్రేమ అనుకుంటున్నాడు, మనకు తెలుసు ప్రాణం పోతుందని. ఈసారి మౌనం ఏడు కాదు, పదిహేడు మాత్రలు. అప్పటికి పాట 140 బీట్లకు దిగి ఉంటుంది కాబట్టి అది మూడున్నర సెకన్లు దాటుతుంది. వినేవాళ్ళు ఫోన్ ఆగిపోయిందేమోనని చూస్తారు. చూడనివ్వండి.

మూగ తమ్ముడి భాగానికి ఒక్కటే పాదం, నాలుగుసార్లు:

రెక్క ఆడింది, పాట రాలేదు

ఇవీ ఎనిమిదేసి మాత్రలే. కానీ ‘ఆడింది’, ‘రాలేదు’ రెండూ 2, 2, 1గా నడుస్తాయి. పల్లవిలోని 3, 3, 2 ఇక్కడ కుంటుతుంది. కొలత అదే, నడక విరిగింది. చెవికి ఏదో తప్పినట్టు ఉంటుంది, ఏమిటో తెలియదు.

ఐదో మెట్టు: శ్రుతి, కార్డ్‌లు

పొలం కీచురాయి స్వరం సుమారు 4 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పియానో కుడి చివరి మెట్టు 4,186 హెర్ట్జ్. అంటే వీడు చాలాసార్లు పియానో అయిపోయిన చోట పాడతాడు. ఆ పరిధిలో 4,699 హెర్ట్జ్ దగ్గర డి స్వరం ఉంది. గిటార్ సన్న తీగ మీద 22వ ఫ్రెట్ కూడా డి, 1,175 హెర్ట్జ్. దానికి సరిగ్గా రెండు స్థాయిలు పైన మన కీచురాయి డి. కాబట్టి పాట శ్రుతి డి. దీనికి ఇంక చర్చ లేదు.

శ్రుతి డి కాబట్టి గిటార్ మందపు తీగను ఇ నుంచి డికి దించండి. దీన్ని డ్రాప్ డి అంటారు. మందపాటి మూడు తీగలను ఒక్క వేలితో అడ్డంగా నొక్కితే పవర్ కార్డ్ వచ్చేస్తుంది. పల్లవికి: ఖాళీ తీగలు, 3వ ఫ్రెట్, 5వ ఫ్రెట్, 8వ ఫ్రెట్. డి, ఎఫ్, జి, బి ఫ్లాట్. పవర్ కార్డ్‌లో మేజర్, మైనర్ తేల్చే స్వరం ఉండదు. సంతోషమా, భయమా అన్నది పాడే గొంతే తేలుస్తుంది. చరణంలో డిస్టార్షన్ తీసేసి, సన్నటి రెండు తీగలను ఖాళీగా మోగనిచ్చి, ఐదుకు ఒక్క దెబ్బ. అంతకు మించి వద్దు.

బేస్ గిటార్ గురించి ఒక మాట. అతనే పాడని తమ్ముడు. రెండు చరణాల్లోనూ లీడ్ గిటార్‌కు అంటిపెట్టుకుని అవే స్వరాలు వాయించాలి, సొంతంగా ఏదీ వాయించకూడదు. బేస్ వాయించేవాళ్ళు గొణుగుతారు. కథ చెప్పండి, ఒప్పుకుంటారు. డ్రమ్స్‌లో ఫ్లోర్ టామ్ అనే పెద్ద డ్రమ్ అడుగుల శబ్దం. చరణంలో దాన్ని మొదట దూరంగా, తర్వాత దగ్గరగా వినిపించండి. తాళాలు, అంటే సింబల్స్, పల్లవి దాకా ముట్టుకోవద్దు. కారణం కలిపే దగ్గర చెప్తాను.

ఆరో మెట్టు: రికార్డింగ్

ముందు అసలు గాయకుడి దగ్గరికి వెళ్దాం. మీరు దగ్గరికి వెళ్ళగానే ఆపేస్తాడు కదా. అందుకని రికార్డర్‌ను గడ్డిలో పెట్టి, ఆన్ చేసి, దూరంగా వెళ్ళిపోండి. పావుగంట వదిలేయండి. ఫోన్ అయినా ఫర్వాలేదు. మామూలుగా వాడే 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు 24 వేల హెర్ట్జ్ వరకూ పట్టుకుంటుంది. కీచురాయికి అది ధారాళంగా సరిపోతుంది. గబ్బిలం పాట రాసేవాళ్ళకు మాత్రం ఇది చాలదు. 192 కిలోహెర్ట్జ్ లేదా అంతకు మించిన రేటుతో తీసి, పది రెట్లు నెమ్మదిగా తిప్పాలి. అప్పుడు 40 వేల హెర్ట్జ్ అరుపు 4 వేలకు దిగి వినపడుతుంది. పురుగును డబ్బాలో పెట్టి ఇంటికి తేవడం లాంటివి చెయ్యకండి. భయపడ్డ పురుగు పాడదు, పాడినా ఆ పాట మనకు వద్దు.

రికార్డింగ్‌లో 2 వేల హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఫిల్టర్‌తో కోసేయండి. గాలి, వాహనాల రొద పోతాయి. తర్వాత శ్రుతిని డికి సర్దండి. దానికే ఒక కాపీ తీసి నాలుగో వంతు వేగానికి దించితే రెండు స్థాయిలు కిందికి వచ్చి గిటార్ 22వ ఫ్రెట్‌తో కలుస్తుంది. ఆ నెమ్మది కాపీలో ఒక్కో స్పందనా విడివిడిగా వినపడుతుంది. దాన్ని చరణం వెనక సన్నగా నడపండి. కీచురాయీ గిటారూ ఒకే వాయిద్యమన్న అనుమానం రావాలి.

గిటార్ పిక్ స్క్రేప్‌లకు ఆంప్ గట్టిగా పెట్టి, పిక్ అంచును నిలువుగా పట్టుకుని మందపు తీగ మీద గీకండి. తీగలు త్వరగా పాడవుతాయి. కొత్త తీగల సెట్టు వెయ్యకముందే ఈ పని పూర్తిచేసుకోండి.

మూగ తమ్ముడి భాగాన్ని ఎలా తియ్యాలన్నదే నాకు ఎక్కువ రోజులు తినేసింది. గిటార్ ఆపేసి గొంతు ఒక్కటే ఉంచితే ఖాళీగా ఉంది తప్ప మూగగా లేదు. చివరికి ఎలక్ట్రిక్ గిటార్ కేబుల్ పీకేసి, అదే రిఫ్‌ను అంతే బలంగా కొడుతూ, తీగలకు జానెడు దూరంలో గొంతు మైక్ పెట్టి రికార్డ్ చేశాను. చెయ్యి కష్టపడుతోందని తెలుస్తుంది. పాట మాత్రం రావట్లేదు. పిక్ తగిలే టిక్కు టిక్కు, తీగల సన్నటి గీర. సరిగ్గా అదే కావాలి.

గొంతు: చరణానికి మైక్‌కు ఆనుకున్నంత దగ్గర, దాదాపు ఊపిరితో. దానికే పూర్తి గుసగుసగా ఇంకో పొర. పల్లవికి రెండడుగులు వెనక్కి జరిగి, రెండుసార్లు పాడి, ఎడమకొకటి కుడికొకటి పంచండి. అరవాల్సిన పని లేదు. పిలుస్తున్నట్టు పాడండి, రెండింటికీ చాలా తేడా ఉంది.

వేగం పటాన్ని రికార్డింగ్ మొదలయ్యే ముందే సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవాలి: మొదటి పల్లవి 152, రెండోది 140, మూగ తమ్ముడి దగ్గర 126, ఆఖరి పల్లవి 112. మధ్యలో మెల్లమెల్లగా దిగాలి. ఒక్క దెబ్బలో దించితే డ్రమ్మర్ తప్పు చేసినట్టు ఉంటుంది.

ఏడో మెట్టు: కలపడం (మిక్సింగ్)

ఇక్కడ ఒక నిజమైన టెన్షన్ ఉంది. మనిషి గొంతులో మాట స్పష్టంగా తెలిసే పరిధి సుమారు 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్. డిస్టార్షన్ గిటార్ గీర కూడా అక్కడే, సింబల్స్ మోత మొదలయ్యేదీ ఇంచుమించు అక్కడే. కీచురాయి సరిగ్గా ఈ గుంపు మధ్య నిలబడి పాడుతోంది. అందుకే చరణంలో సింబల్స్ వద్దన్నాను. ఈక్యూతో, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోగాలో సర్దే సాధనంతో, గిటార్‌లో 4,700 దగ్గర ఇరుకుగా మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి, ఆ సందులో కీచురాయి కూర్చుంటుంది. గొంతులో మాత్రం కోత పెట్టకండి. గొంతు వినపడేటప్పుడు కీచురాయినే తగ్గించండి. పాడేవాడు వాడే కదా, ఒకేసారి రెండు నోళ్ళు ఎందుకు?

ఈగను ఫజ్ (బరబరలాడే డిస్టార్షన్) వేసిన సింథ్‌తో చెయ్యొచ్చు. ఈ ఈగ ప్రత్యేకత దాని చెవి. రెండు చెవుల మధ్య దూరం అర మిల్లీమీటరే, అయినా శబ్దం ఎటు నుంచి వస్తోందో చాలా కచ్చితంగా కనిపెడుతుంది. దాన్ని ప్యానింగ్‌లో, అంటే శబ్దాన్ని ఎడమ కుడి స్పీకర్ల మధ్య జరపడంలో, చూపించండి. రెండో చరణం మొదట్లో ఈగ రొద పూర్తిగా ఎడమ చివర. ఒక్కో పాదానికీ కొంచెం కొంచెంగా మధ్యకు, గిటార్ ఉన్న చోటికి జరగాలి. ఆ చరణంలోని మౌనానికి ముందు క్షణంలో అది సరిగ్గా మధ్యలో ఉండాలి. హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్ళకు వెన్ను జలదరిస్తుంది.

మౌనాల్లో శబ్దాన్ని పూర్తి సున్నా చెయ్యకండి. గది గాలి చప్పుడు సన్నగా ఉంచండి. సున్నా అంటే ఫైలు పాడైనట్టు, గది చప్పుడు ఉంటే ఎవరో ఊపిరి బిగపట్టినట్టు. చివరి మోత స్థాయి మైనస్ 14 లఫ్స్ (మొత్తం పాట మోతను కొలిచే కొలమానం) చుట్టుపక్కల, శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఉంచితే స్ట్రీమింగ్ సైట్లలో ఇబ్బంది రాదు. కంప్రెషర్‌తో మొత్తం ఒకే ఎత్తుకు నొక్కేస్తే చరణానికీ పల్లవికీ తేడా పోతుంది. ఆ తేడా మీదే ఈ పాట నిలబడి ఉంది.

ఎనిమిదో మెట్టు: పేరు, ముగింపు

పేరుకు నేను ‘మోకాలి కింద చెవి’ అని పెట్టుకున్నాను. జంతువు పేరు లేదు. తెలిసినవాళ్ళు నవ్వుతారు, తెలియనివాళ్ళు వెతుక్కుంటారు. స్టేజి మీద కొమ్ములు, మీసాలు, మాస్కులు పెట్టుకోవాలన్న కోరికను కూడా ఆపుకోండి. అవి పెట్టుకున్నాక వింతంతా మీ ముఖం మీదికి వచ్చేస్తుంది, పాటలో ఏమీ మిగలదు.

ముగింపు గురించి చాలా తంటాలు పడ్డాను. ఆఖరి పల్లవి 112 బీట్ల దగ్గర అలిసిపోయి డి మీద ఆగుతుంది. ఆ తర్వాత ఫేడ్ అవుట్ పెట్టాను, బాగాలేదు. ఇంకోసారి గిటార్ మోత పెట్టాను, అదీ బాగాలేదు. అసలు కావలసింది ముందే నా దగ్గరుంది, చూసుకోలేదు. గడ్డిలో పెట్టిన రికార్డర్ పావుగంట నడిచింది కదా. చివర్లో దాన్ని ఆపడానికి మీరే నడిచి వెళ్ళి ఉంటారు. ఆ ఫైలు ఆఖరి నిమిషం వినండి. కీచురాయి పాడుతూ ఉంటుంది. దూరంగా మీ అడుగులు, కాస్త దగ్గరగా, ఇంకాస్త దగ్గరగా. కీచు ఆగుతుంది. గడ్డి కదిలిన శబ్దం, బటన్ నొక్కిన టిక్కు. ఆ ముక్కను ఏ మార్పూ చెయ్యకుండా ఆఖరి డి పక్కన అతికించి ఫైలు సేవ్ చెయ్యండి.